కోతి కనపడలేదని కోపం వద్దు



గత నెలలో మన బ్రాంచి ఏడో తరగతి పిల్లల్ని జూపార్కుకి ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్లాం. ఆ తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ నాతో అన్నారు: "మేడమ్, బస్సుకీ టికెట్టుకీ డబ్బులు కట్టి పంపించాం. మావాడు కొండముచ్చు వీపు తప్ప ఇంకేమీ కనపడలేదంటున్నాడు. ఈమాత్రం దానికి ట్రిప్ ఎందుకండీ?"

ఆయన కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వేసి, "సారీ సార్, వచ్చే ఏడాది ఇంకా పొద్దున్నే బయల్దేరతాం" అని చెప్పి పంపేశాను. వెనక లైన్లో ఇంకా పదిమంది ఉన్నారు మరి. కానీ ఇంటికెళ్లాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేనిచ్చిన జవాబే తప్పు. సైన్స్ చెప్పే టీచర్‌గా నేను అనాల్సిన మాట సారీ కాదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెబుతాను. నాలుగు నిమిషాలు ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొండముచ్చు మనకు వీపు తిప్పి కూర్చోగలిగే చోటు ఉందంటే, ఆ ఎన్‌క్లోజర్ కట్టినవాళ్లు తమ పని సరిగ్గా చేశారని అర్థం. పిల్లలకు ఆ రోజు దొరికిన మంచి పాఠం ఆ వీపే.

ఆ మధ్యాహ్నం ఏం జరిగింది?

మేం కొండముచ్చుల దగ్గరికి వెళ్లేసరికి పన్నెండు దాటింది. కొండముచ్చులు ముఖ్యంగా ఆకులు తినే జంతువులు. వాటి కడుపులో గదులుంటాయి. అక్కడి సూక్ష్మజీవులు ఆకుల్ని పులియబెట్టి అరిగించాలి. అందుకని పొద్దునా సాయంత్రమూ మేత, ఎండ వేళ నీడలో విశ్రాంతి. ఇదీ వాటి టైంటేబుల్. మనం వెళ్లింది వాటి రెస్ట్ పీరియడ్‌లో. నలభైమంది పిల్లలు ఒక్కసారిగా "హోయ్" అని అరిచారు. కొమ్మ మీదున్న పెద్ద కొండముచ్చు ఒకసారి చూసి, ఇటు వీపు పెట్టి, ఆకుల వెనక్కి జరిగింది. అంతే. షో అయిపోయింది.

పిల్లలు నిరుత్సాహపడ్డారు, నిజమే. బస్సులో ఒకడు "జూ వేస్ట్ మేడమ్, యూట్యూబ్‌లో దగ్గరగా కనిపిస్తుంది" అన్నాడు. నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది.

మా ఊళ్లో మున్సిపల్ పార్కులో ఒక ఇనప బోను ఉండేది. లోపల ఒకే ఒక్క కోతి. సిమెంటు నేల, రేకు పైకప్పు, ఒక నీళ్ల తొట్టి. ఏ వేళ వెళ్లినా కోతి కనిపించేది. ఎందుకు కనిపించదు? దాక్కోవడానికి చోటు లేదు కదా. పల్లీలు విసిరితే అందుకునేది. మిగతా టైమంతా ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి ఒకే లెక్కన తిరిగేది. మేం పిల్లలం దాని నడకను అనుకరిస్తూ నవ్వుకునేవాళ్లం. "డాన్స్ చేస్తోంది" అనుకునేవాళ్లం. అది డాన్స్ కాదని, ఏమీ చేయడానికి లేని బందీ జంతువుకు పట్టే రోగమని నాకు డిగ్రీలో జువాలజీ చదివేదాకా తెలియదు.

కనిపించడమే లెక్కయితే ఆ బోను నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. మన పిల్లలకు చూపించాలనుకుంటున్నది అలాంటి బోనేనా?

ఊచలు తీసేస్తే సరిపోతుందా?

జంతువుల్ని ఊచల వెనక కాకుండా ఆరుబయట చూపించాలన్న ఆలోచన వందేళ్ల కిందటిదే. జర్మనీలో కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి 1907లో హాంబర్గ్ దగ్గర ఒక జూ తెరిచాడు. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో లెక్కగట్టి, అంతకన్నా వెడల్పుగా కందకాలు తవ్వించాడు. అడ్డంగా ఇనప ఊచలుండవు. చూసేవాడికి సింహం ఎదురుగా బయటే నిలబడినట్టుంటుంది. ప్రపంచంలోని ఎన్నో జూలు ఆ దారి పట్టాయి. 1963 అక్టోబర్ 6న మొదలైన మన హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో మీరు చూసే కందకాల ఆవరణలకు మూలం ఆ ఆలోచనే.

అయితే ఊచలు తీసేసి, ఆకాశం చూపిస్తే పని అయిపోయిందనుకుంటే ఎంత ప్రమాదమో లండన్ జూ చెబుతుంది. 1925లో అక్కడ 'మంకీ హిల్' అని ఒక కృత్రిమ రాతి గుట్ట కట్టారు. చుట్టూ కందకం, పైన ఆకాశం, చలికి లోపల వెచ్చని గదులు. అందులోకి హమద్రియాస్ అనే జాతి బబూన్లను వందదాకా తెచ్చి వదిలారు. దాదాపు అన్నీ మగవే. 1927లో ముప్పై ఆడ బబూన్లను కలిపారు. మగవి వాటికోసం కొట్టుకున్నాయి. ఆ కొట్లాటల మధ్య చిక్కి ఆడవాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. జనం చుట్టూ నిలబడి చూశారు.

తప్పు ఎక్కడ జరిగింది? అడవిలో ఈ బబూన్లు ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు కలిసి చిన్న కుటుంబాలుగా ఉంటాయి. ఒక కుటుంబానికి ఇంకో కుటుంబం నచ్చకపోతే దూరంగా జరగడానికి మైళ్ల కొద్దీ చోటుంటుంది. గుట్ట మీద జరగడానికి చోటు లేదు, కనపడకుండా ఉండటానికి చాటు లేదు. ఎవరితో ఎవరిని కలిపి ఉంచాలన్న లెక్క కూడా లేదు.

టీచర్‌గా నన్ను ఇంకా భయపెట్టే విషయం మరొకటుంది. ఆ గుట్టను గమనించిన సాలీ జుకర్‌మన్ అనే శాస్త్రవేత్త 1932లో కోతుల సామాజిక జీవితం మీద పుస్తకం రాశాడు. దాన్ని చదివినవాళ్లు చాలాకాలం "కోతుల స్వభావమే అంత, హింస వాటి రక్తంలోనే ఉంది" అనుకున్నారు. 1960లలో హాన్స్ కుమ్మర్ ఇథియోపియా వెళ్లి అదే జాతిని దాని సొంత నేల మీద చూస్తే, కట్టుబాట్లున్న సమాజం కనిపించింది. అంటే తప్పుగా కట్టిన ఎన్‌క్లోజర్ జంతువుల్ని చంపడమే కాదు, మనుషులకు తప్పు పాఠం కూడా నేర్పింది. ఎన్‌క్లోజర్ కూడా ఒక పాఠ్యపుస్తకమే. అందులో అచ్చుతప్పు ఉంటే చూసిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఆ తప్పునే నేర్చుకుంటారు.

ఇరవై ఏడేళ్ల గది

ఇప్పుడు అమెరికాకు వెళ్దాం. మీలో చాలామంది బంధువులు అట్లాంటాలో ఉండే ఉంటారు. అక్కడి జూలో విల్లీ బి. అనే గొరిల్లా ఉండేది. 1961లో పిల్లగా వచ్చింది. ఇరవై ఏడేళ్లు ఒంటరిగా, లోపలి గదిలోనే బతికింది. ఆడుకోవడానికి వేలాడదీసిన ఒక టైరు. కాలక్షేపానికి ఒక టీవీ. అవును, టీవీనే. ఊరందరికీ దానిమీద ప్రేమే. ప్రేమ ఉంది కానీ మట్టి లేదు, చెట్టు లేదు, తోడు లేదు.

1980ల మధ్యలో ఆ జూ పరిస్థితి మీద దేశమంతా విమర్శలొచ్చాక, కొత్త యాజమాన్యం గొరిల్లాల కోసం చెట్లూ గడ్డీ వాలూ ఉన్న ఆరుబయలు ఆవరణ కట్టించింది. 1988లో విల్లీ బి. మొదటిసారి బయట నేల మీద అడుగు పెట్టింది. తర్వాత దానికి ఆడ గొరిల్లాలు తోడయ్యాయి. ఇరవై ఏడేళ్లు మరో గొరిల్లాతో కలిసి బతకని జీవి 1994లో తండ్రి అయింది. 2000లో చనిపోయేనాటికి దానికి ఐదుగురు పిల్లలు. జంతువు అదే. మారిందల్లా దాని చుట్టూ ఉన్న చోటు.

అట్లాంటా కన్నా ముందే సియాటెల్‌లోని వుడ్‌ల్యాండ్ పార్క్ జూ ఈ దారి చూపించింది. 1970ల చివర్లో డేవిడ్ హాంకాక్స్ డైరెక్టర్‌గా ఉండగా జోన్స్ అండ్ జోన్స్ అనే డిజైన్ సంస్థ అక్కడ గొరిల్లాలకు దట్టమైన పచ్చదనంతో ఆవరణ గీసింది. చెట్లెక్కి పడిపోతాయనీ మొక్కలన్నీ పీకేస్తాయనీ భయపెట్టినవాళ్లు లేకపోలేదు. డిజైనర్లు చేసింది చెట్లు నాటడం ఒక్కటే కాదు. సందర్శకులు నిలబడే చోట కూడా అదే అడవిని పెంచారు. నాలుగువైపుల నుంచీ జనం మూగకుండా, అక్కడక్కడా చిన్న చిన్న చోట్ల నుంచే చూసేలా దారి తిప్పారు. మనం గుంట పైనుంచి కిందికి తొంగిచూడటం మానేసి, జంతువు ఇంట్లోకి అతిథిగా వెళ్లినట్టు ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ప్రపంచమంతటా జూ డిజైన్ ఈ పద్ధతిని తీసుకుంది.

పిల్లలు గీసిన ఇళ్లు

ట్రిప్ నుంచి వచ్చాక పిల్లలకు ఒక ప్రాజెక్ట్ ఇచ్చాను. మీలో కొందరు ఆదివారం రాత్రి చార్ట్ పేపర్ కోసం పరుగెత్తారని తెలుసు, క్షమించాలి. ఐదు గ్రూపులు, ఐదు ప్రైమేట్లు: కొండముచ్చు, సింహపుతోక కోతి, హూలాక్ గిబ్బన్, చింపాంజీ, దేవాంగపిల్లి. ప్రైమేట్లు అంటే ఇవన్నీ కలిసిన వర్గం. మనమూ అందులోవాళ్లమే. ఒక్కో గ్రూపు తన జంతువుకు ఆరుబయట ఇల్లు గీయాలి.

మొదటి విడత బొమ్మలు చూస్తే నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. స్విమ్మింగ్ పూల్, జారుడు బల్ల, ఏసీ గది, నాలుగు వైపులా అద్దాలు, ఒక సెల్ఫీ పాయింట్. పిల్లలు జంతువుకు ఇల్లు గీయలేదు. తమకు నచ్చే రిసార్టు, చూసేవాళ్లకు నచ్చే షోరూమ్ గీశారు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, నాలుగు వైపులా అద్దాలుంటే, దానికి మనమీద విసుగొస్తే ఎక్కడికెళ్తుంది?"

క్లాసు నిశ్శబ్దమైంది. ఆ ప్రశ్నతో అన్ని బొమ్మలూ మళ్లీ గీయించాను. రెండోసారి గీసేటప్పుడు మేం చర్చించుకున్న విషయాలే ఇవి.

మొదటిది ఎత్తు. మనం స్థలాన్ని గజాల్లో కొలుస్తాం, ఫ్లాట్‌ను చదరపు అడుగుల్లో కొలుస్తాం. గిబ్బన్ అలా కొలవదు. ఈశాన్య రాష్ట్రాల్లోని హూలాక్ గిబ్బన్ చేతులతో కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ చెట్ల మీదే బతుకుతుంది. పశ్చిమ కనుమల సింహపుతోక కోతి కూడా చాలావరకు చెట్లపైనే. వీటికి ఎకరం గడ్డి మైదానం ఇచ్చినా ఇల్లు ఇచ్చినట్టు కాదు. తాళ్లు, కొమ్మలు, ఒకదానికొకటి అందే దూరంలో చెట్లు కావాలి. మనం కిందా, అవి పైనా ఉండాలి. పైనుంచి చూడగలిగితే కోతి జాతికి ధైర్యం. వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో 1995 నుంచి ఒరాంగుటాన్లకు ఎత్తయిన స్తంభాల మధ్య తీగలు కట్టారు. రెండు భవనాల మధ్య, సందర్శకుల తలల మీదుగా, నలభై అడుగులకు పైన అవి చేతులతో పట్టుకుంటూ దాటిపోతాయి. వెళ్లాలా వద్దా అన్నది వాటిష్టం.

రెండోది చాటు. ఇంటికి చుట్టాలొచ్చి "ఒక రైమ్ చెప్పమ్మా" అనగానే లోపలి గదిలోకి పరుగెత్తే పిల్ల మీకు తెలుసు కదా. ఆ లోపలి గది ప్రతి జీవికీ కావాలి. పొదలు, బండరాళ్లు, గోడ ముక్కలు, ఎప్పుడైనా వెళ్లగలిగే వెనక గది. జనం నుంచి దాక్కోవడానికే కాదు, గుంపులో తనకన్నా బలమైన దాని చూపు నుంచి తప్పుకోవడానికి కూడా.

మూడోది తప్పించుకునే దారి. ఆవరణలో ఎక్కడా మూసుకుపోయిన సందు ఉండకూడదు. గుడారంలా ఒకే తలుపున్న గది ఉంటే, బలహీనమైన కోతి అందులో ఇరుక్కుపోతుంది. ప్రతి గదికీ రెండు దారులుండాలి. ప్రతి వేదిక నుంచీ దిగడానికి రెండు వైపులుండాలి. తిండి కూడా ఒకేచోట కుప్ప పోస్తే బలమైనదే తింటుంది. పది చోట్ల చల్లాలి. మంకీ హిల్ కథ విన్నాక పిల్లలు ఈ నియమాన్ని నాకన్నా గట్టిగా పట్టుకున్నారు.

నాలుగోది పని. అడవిలో కోతి రోజులో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడంలోనే గడుపుతుంది. జూలో పళ్లెం ఐదు నిమిషాల్లో ఖాళీ. మిగతా రోజంతా ఏం చేయాలి? 1960లో జేన్ గుడాల్ టాంజానియాలోని గోంబేలో చింపాంజీలు గడ్డిపుల్లలు చెదపుట్టల్లోకి దూర్చి చెదపురుగుల్ని లాక్కుతినడం చూసింది. వానాకాలం మొదట్లో మన పల్లెల్లో పుట్టల దగ్గర ఉసిళ్లు పట్టినవాళ్లకు ఆ ఓపిక ఏమిటో తెలుస్తుంది. ఇప్పుడు చాలా జూలు సిమెంటుతో చెదపుట్టలు కట్టి, కన్నాల్లో తేనె లాంటిది పూస్తాయి. చింపాంజీ పుల్ల వెతకాలి, విరవాలి, సరిచేయాలి, దూర్చాలి. తిండికన్నా ఆ పనే దాని ఆరోగ్యం. ఇది ఖరీదైన వ్యవహారం కూడా కాదు. గడ్డిలో చల్లిన గింజలు, కన్నాలు పెట్టిన వెదురు బొంగులు, పాత ఫైరింజన్ గొట్టాలతో అల్లిన ఉయ్యాలలు సరిపోతాయి.

ఐదోది వాతావరణం. సియాటెల్ డిజైన్‌ను కాపీ కొట్టి మన దగ్గర పెడితే మే నెలలో కోతి మాడిపోతుంది. మనకు వెచ్చని గది కన్నా నీడ ముఖ్యం. పొద్దుటి నీడ ఒక వైపు, సాయంత్రం నీడ ఒక వైపు, తుంపర నీళ్లు, కాలు కాలని చెక్క మెట్లు ఉండాలి. దేవాంగపిల్లి అయితే రాత్రి తిరిగే జీవి. పగలు అది నిద్రపోవాలి, ఎంత టికెట్ కొన్నా సరే.

ఆకుపచ్చగా ఉన్నదంతా అడవి కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈమధ్య కొత్తగా కట్టే ఆవరణల్లో అచ్చం రాళ్లలా కనిపించే సిమెంటు గోడలు, అచ్చం చెట్లలా కనిపించే స్తంభాలు చూస్తుంటాం. మనకు చూడముచ్చటగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. కానీ ఆ చెట్టుకు కరెంటు తీగ చుట్టి కోతి ఎక్కకుండా చేస్తే, ఆ చెట్టు ఎవరికోసం? అది మనకోసం పెట్టిన వాల్‌పేపర్. మరోవైపు, పాత టైర్లు, తాళ్లు, మచాన్లతో కాస్త అసహ్యంగా కనిపించే ఆవరణలో కోతి రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండొచ్చు. అందుకే ఆవరణను మన కంటితో చూడొద్దు, దాని కాళ్లూ చేతులతో చూడాలి.

అలాగే కంచె. కంచె జంతువును మననుంచి ఆపడానికే అనుకుంటాం. మనల్ని దాని నుంచి ఆపడానికి కూడా. 2016 మే 28న సిన్సినాటి జూలో ఒక మూడేళ్ల బాబు కంచె దాటి గొరిల్లాల కందకంలో పడ్డాడు. బాబును కాపాడటానికి హరాంబే అనే పదిహేడేళ్ల గొరిల్లాను కాల్చేశారు. ఆ తర్వాత జూ కంచె ఎత్తు పెంచి, తాళ్ల వల బిగించింది. గొరిల్లా నేరమేమీ లేదు, పసివాడి నేరమూ లేదు. కొన్ని అంగుళాల కంచె ఎత్తు మీద ఒక ప్రాణం ఆధారపడింది. కందకాల్లో నీళ్లు నింపినా ప్రమాదమే. చింపాంజీలు, గొరిల్లాలు మనలా ఈత నేర్చుకునే జీవులు కావు. మునిగిపోతాయి. అందుకే ఒడ్డు వాలుగా, పట్టుకోవడానికి తాడు ఉండేలా కట్టాలి. డిజైనర్ ప్రతి అడుగులోనూ ఒక పసివాణ్ణి, ఒక కోతిని ఇద్దర్నీ మనసులో పెట్టుకోవాలి.

"అసలు జూలే వద్దు కదా?"

ఈ ప్రశ్న మీలో కొందరు అడుగుతారు. మా స్టాఫ్‌రూమ్‌లోనూ అడిగారు. నిజమే, ఎంత మంచి ఆవరణా అడవికి సాటి రాదు. కానీ ఈ రోజు జూలో ఉన్న కోతుల్లో చాలావాటికి తిరిగి వెళ్లే అడవి తెలియదు. అక్కడే పుట్టినవి కొన్ని, గాయపడి లేక పట్టుబడి వచ్చినవి కొన్ని. వాటికి కావలసింది మన వాదన కాదు, రేపు పొద్దున ఎక్కడానికి ఒక కొమ్మ. జూలు ఉండాలా వద్దా అన్నది మన పిల్లలు పెద్దయ్యాక తేల్చుకుంటారు. ఉన్నన్నాళ్లు ఎలా ఉండాలన్నది మనం ఇప్పుడు తేల్చాలి.

అందులో మన పాత్ర చిన్నదేమీ కాదు. జూ కూడా ప్రజల మాట వింటుంది. "ఏమీ కనపడట్లేదు" అని వందమంది ఫిర్యాదు చేస్తే, ఏదో ఒక అధికారి పొదలు కొట్టించేస్తారు. "బాగా దాక్కుంది, బాగుంది" అని పదిమంది చెబితే, ఇంకో నాలుగు చెట్లు నాటిస్తారు. టికెట్ డబ్బులతో మనం కొనుక్కునేది జంతువు దర్శనం కాదు, దాని ఇంటి ముందు కాసేపు నిలబడే అవకాశం. ఫీజు కట్టాం కాబట్టి రిజల్ట్ కావాలని మీరు స్కూలును అడగొచ్చు, అది మీ హక్కు. కొండముచ్చు మాత్రం మన దగ్గర ఫీజు తీసుకోలేదు.

ఇంకో మాట. జూలో జంతువును ఏడిపించడం, దానికి తిండి పెట్టడం, అల్లరితో దాన్ని ఇబ్బంది పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ ప్రకారం నేరం. మనం ప్రేమతో విసిరే అరటిపండూ బిస్కెట్టూ ఆకులు అరిగించుకునే కొండముచ్చు కడుపుకు పడవు. ఆ రోజు "హోయ్" అని అరిచిన మా పిల్లల్ని నేను వెంటనే ఆపలేదు. ఆ తప్పు నాది. ఒప్పుకుంటున్నాను.

వచ్చేసారి వెళ్లినప్పుడు

వేసవి సెలవుల్లో మీరు పిల్లల్ని హైదరాబాదో, విశాఖో, తిరుపతో ఏ జూకి తీసుకెళ్లినా, కోతుల ఆవరణ దగ్గర పది నిమిషాలు ఆగి ఈ ఐదు ప్రశ్నలు అడగమనండి. ఫోన్ జేబులో పెట్టుకుని, నిశ్శబ్దంగా.

1. అది మనకన్నా ఎత్తుకు వెళ్లగలదా?
2. మన చూపు నుంచి, తన గుంపులోని పెద్దదాని చూపు నుంచి తప్పుకోగలదా?
3. తరిమితే పారిపోవడానికి రెండో దారి ఉందా?
4. తిండి కోసం అది ఏదైనా పని చేయాలా, లేక పళ్లెం ముందుకొస్తోందా?
5. ఈ వేళలో దానికి నీడ ఎక్కడుంది?

ఐదింటికీ అవునని, ఉందని జవాబు వచ్చి, కోతి మాత్రం కనపడకపోతే, మీ ట్రిప్ సక్సెస్. ఒక్కదానికీ జవాబు లేకుండా కోతి ఎదురుగా కూర్చుని ఉంటే, అప్పుడు విజిటర్స్ బుక్‌లో ఫిర్యాదు రాయండి. పిల్లలతోనే రాయించండి. వాళ్ల ఇంగ్లిష్ లెటర్ రైటింగ్‌కి అంతకన్నా మంచి ప్రాక్టీస్ లేదు.

పిల్లలు రెండోసారి గీసిన ఐదు ఇళ్లూ వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున మా క్లాసు బయట గోడకు అంటించి ఉంటాయి. సంతకం పెట్టి వెళ్లేముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. కొండముచ్చు ఇల్లు గీసిన గ్రూపులో "వీపు తప్ప ఏమీ కనపడలేదు" అన్న అబ్బాయే ఉన్నాడు. వాడి బొమ్మలో చెట్టు నిండా ఆకులే. "ఇందులో కొండముచ్చు ఎక్కడుందిరా?" అని అడిగాను. "ఉంది మేడమ్, మీకు కనపడదు" అన్నాడు.

నాన్నగారూ, నా జవాబు ఇదే. ట్రిప్ ఎందుకంటే, ఇందుకే.

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్, ఏడో తరగతి